గోల్ఫ్ దూరాలు, జీపీఎస్, లేజర్, మిగతా సామగ్రి: తిరుపతి, చిత్తూరు ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి తిరుపతిలో బయలుదేరి, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరి, ఏడున్నరకల్లా మొదటి టీ (బంతిని తొలిసారి కొట్టే చోటు) దగ్గర నిలబడే మా బృందంలో దారి పొడుగునా ఇంచుమించు ఒకే రకం సందేహాలు వస్తుంటాయి. చిత్తూరు నుంచి పలమనేరు, కోలారు మీదుగా బెంగళూరు వైపు వెళ్లే మిత్రులు కూడా ఫోన్ చేసి అవే అడుగుతారు. ప్రతివారికీ మొదటి నుంచి చెప్పే బదులు జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు. ఒక్క మాట: ఆడే కర్రను ఇక్కడ స్టిక్ అనే రాశాను, క్లబ్ అన్నచోట సంస్థ అని అర్థం.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నేను నెలకు ఒక్క ఆట ఆడతాను. నాకు దూరం కొలిచే పరికరం అవసరమా?

అవసరమని చెప్పలేను గాని, మన పరిస్థితిలో ఉపయోగం మాత్రం ఎక్కువ. ఒకే కోర్సులో ఏళ్ల తరబడి ఆడే సభ్యుడికి ఏ చెట్టు దగ్గరి నుంచి గ్రీన్ (జెండా ఉండే నున్నటి పచ్చిక) ఎంత దూరమో కాళ్లకే తెలుస్తుంది. మనం ఒక నెల చెన్నైలో, ఇంకో నెల బెంగళూరులో, ఎప్పుడైనా హైదరాబాద్‌లో ఎవరో ఒకరి అతిథులుగా ఆడేవాళ్లం కాబట్టి ప్రతి హోల్ (ఒక టీ నుంచి దాని గ్రీన్ దాకా ఉండే భాగం) కొత్తదే. అయితే బంతిని పదిసార్లు కొడితే ఆరుసార్లైనా గాలిలోకి లేపడం ఇంకా రానివారు ఈ డబ్బును కోచ్‌కు ఇవ్వడం మంచిది. ఎటు పోతుందో తెలియని బంతికి దూరం తెలిసీ లాభం లేదు.

జీపీఎస్ పరికరానికీ లేజర్‌కూ అసలు తేడా ఏమిటి?

లేజర్ రేంజ్‌ఫైండర్ ఒంటికంటి దుర్భిణి లాంటిది. ఎక్కువ నమూనాల్లో దృశ్యం ఆరు రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. జెండాపై గురి నిలిపి మీట నొక్కితే కంటికి కనబడని పరారుణ కాంతి వెళ్లి, తగిలిన వస్తువు నుంచి వెనక్కి వస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి పరికరం దూరాన్ని లెక్కిస్తుంది. 150 గజాల దూరానికి ఆ రాకపోకలకు పట్టేది ఒక సెకనులో పది లక్షల వంతు కూడా కాదు. గురి సరిగా కుదిరితే లెక్క ఒక గజం అటూ ఇటూగా ఉంటుంది.

జీపీఎస్ పరికరానికి జెండాతో పని లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు అందుకుని మీరు నిలబడ్డ చోటును ముందు గుర్తిస్తుంది, ఆ తర్వాత తనలో ఉన్న కోర్సు మ్యాపును చూసి గ్రీన్ ముందు అంచు, మధ్య, వెనుక అంచు ఎంతెంత దూరమో మూడు అంకెల్లో చూపిస్తుంది. పౌరులు వాడే సంకేతంలో కావాలని కలుపుతూ వచ్చిన తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మే నెలలో తీసేసింది. అంతకు ముందు ఆ తేడా వంద మీటర్ల దాకా ఉండేది కాబట్టి ఇలాంటి చేతి పరికరంతో గోల్ఫ్ ఆడే వీలే లేకపోయింది. ఇప్పుడు ఆకాశం తెరిపిగా ఉంటే తేడా మూడు నుంచి ఐదు మీటర్లు. దట్టమైన చెట్ల కింద, ఎత్తయిన కట్టడాల పక్కన ఇంకొంచెం పెరుగుతుంది.

ఆటలో దీని అర్థం ఇది. జెండా కంటికి కనిపిస్తుంటే లేజర్ ఇచ్చే అంకెకు సాటి లేదు. మలుపు తిరిగిన హోల్, మిట్ట వెనుక దాగిన గ్రీన్, ఇక్కడి నుంచి కనిపించని నీటిగుంట వంటి చోట్ల లేజర్ చేయగలిగింది ఏమీ ఉండదు. అక్కడ జీపీఎస్ ఒక్కటే పనికివస్తుంది.

రెండింట్లో ఒక్కటే కొనగలను. ఏది కొనమంటారు?

మన ప్రాంతం వారికి నా సలహా లేజర్. దానికి మ్యాపు అక్కర్లేదు, చందా అక్కర్లేదు, కోర్సు కూడా అక్కర్లేదు. చంద్రగిరి దగ్గర కోత అయిపోయిన వేరుశనగ చేలో నిలబడి వేపచెట్టుకు గురిపెట్టినా దూరం చెబుతుంది. నెలకో ఆట ఆడేవారు మిగతా రోజుల్లో చేసుకునే సాధనకు అదే పనికొస్తుంది. చేతులు వణికేవారికి, శుక్లాల వల్ల గాని మందపు కళ్లద్దాల వల్ల గాని దుర్భిణిలో చూడటం ఇబ్బంది అయ్యేవారికి మాత్రం జీపీఎస్ కొనమనే చెబుతాను. అరవై దాటిన మా బృంద సభ్యుల్లో ఇద్దరు లేజర్ అమ్మి జీపీఎస్ గడియారానికి మారారు, వారి నిర్ణయం సరైనదే.

ఫోన్‌లో ఉచిత యాప్ ఉండగా విడిగా ఎందుకు?

మొదటి ఆరు నెలలు యాప్‌తోనే ఆడి చూడండి. హోల్19, 18బర్డీస్, గోల్ఫ్‌లాజిక్స్ వంటివి దూరాలు బాగానే చూపిస్తాయి. చిక్కు మరోచోట ఉంది. నాలుగైదు గంటల ఆటలో జీపీఎస్, తెర రెండూ నడుస్తుంటే ఫోన్ బ్యాటరీ సగానికి పైగా ఖర్చవుతుంది, మే నెల ఎండలో తెర మీద అంకెలు కనబడవు, చెమట చేతికి తెర స్పందించదు. పైగా కొన్ని క్లబ్బుల్లో కోర్సు మీద ఫోన్ వాడకానికి ఆంక్షలు ఉంటాయి. అన్నిటికంటే, దూరం చూద్దామని ఫోన్ తీసినవాడు ఆఫీసు మెసేజ్ చూసి కొట్టిన బంతి సాధారణంగా బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడుతుంది.

క్యాడీ (సంచి మోస్తూ సాయపడేవాడు) దూరం చెబుతాడు, కోర్సులో గుర్తులు కూడా ఉంటాయి. అవి చాలవా?

ఆ కోర్సులోనే పెరిగిన క్యాడీ ఉంటే ఏ పరికరమూ అతనికి సాటి రాదు. గ్రీన్ వాలు, గాలి, మీ ఒడుపు మూడూ చూసి చెబుతాడు. కాకపోతే అతిథికి దొరికే క్యాడీ ప్రతిసారీ అంత అనుభవం ఉన్నవాడు కాకపోవచ్చు. కోర్సు మీది గుర్తుల్లో ఎక్కువ చోట్ల ఎరుపు 100, తెలుపు 150, నీలం 200 గజాలకు వాడతారు, అవి సాధారణంగా గ్రీన్ మధ్యకు కొలిచినవే గాని ఆ రోజు జెండా ఉన్న చోటికి కాదు. గ్రీన్ లోతు 30 గజాలుంటే ముందు జెండాకూ వెనుక జెండాకూ మధ్య రెండు స్టిక్కుల తేడా వస్తుంది. కొత్తవారు ఇంకో పొరపాటు చేస్తారు: హద్దు చెప్పే తెల్ల కర్రలను, నీటి పక్కన పాతే ఎర్ర కర్రలను దూరపు గుర్తులనుకుంటారు.

గజాల్లో పెట్టుకోవాలా, మీటర్లలోనా?

గజాల్లోనే పెట్టుకోండి. మన దేశంలో స్కోరు కార్డు, క్యాడీ, తోటి ఆటగాడు అందరూ గజాల్లోనే మాట్లాడతారు. ఇంటి స్థలాన్ని అంకణాల్లో చెప్పుకునే తిరుపతి వారికి లెక్కల మార్పిడి కొత్తేమీ కాదు గాని, 150 మీటర్లంటే 164 గజాలన్న సంగతి స్టిక్ చేతిలో ఉన్నప్పుడు గుర్తుకు రాదు. విదేశం నుంచి వచ్చిన పరికరం కొన్నిసార్లు మీటర్లలో తెరుచుకుంటుంది, మొదటి రోజే చూసుకోండి.

## కొనేటప్పుడు

చేతిలో పట్టుకునే జీపీఎస్, టోపీకో బెల్టుకో తగిలించేది, గడియారం. వీటిలో ఏది నయం?

మూడింటిలోనూ దూరం లెక్కించే తీరు ఒక్కటే, మారేది చూపించే తీరు. పెద్ద తెర ఉన్న చేతి పరికరంలో హోల్ చిత్రం మొత్తం కనిపిస్తుంది, వేలితో తాకి ఏ బంకర్‌కైనా, నీటి అంచుకైనా దూరం అడగవచ్చు. గార్మిన్ అప్రోచ్ జీ80 వంటి నమూనాలో బంతి వేగం కొలిచే రాడార్ కూడా కలిపి ఇచ్చారు. తగిలించే రకంలో గ్రీన్ దూరాలకు మించి ఎక్కువ ఆశించకూడదు, ధర కూడా ఆ మేరకు తక్కువే. గడియారం ఎప్పుడూ మణికట్టుకే ఉంటుంది కాబట్టి బండిలో మరచిపోయే భయం లేదు. అయితే స్వింగ్ చేసేటప్పుడు ఎడమ మణికట్టుకు బరువు తగలడం కొందరికి నచ్చదు. నాకు తెలిసినంతలో చేతి పరికరం కొన్నవారు దాన్ని బాగా వాడేది మొదటి ఏడాది, గడియారం కొన్నవారు దాన్ని పెళ్లికి కూడా పెట్టుకు వెళతారు.

మనం ఆడే కోర్సులు అందులో ఉంటాయా? ఏటా చందా కట్టాలా?

డబ్బు కట్టే ముందే కంపెనీ వెబ్‌సైట్‌లోని కోర్సుల జాబితాలో వెతకాలి. మీరు ఆడే చోట్ల పేర్లు ఒక్కొక్కటిగా కొట్టి చూడండి: చెన్నైలో నందనం కాస్మోపాలిటన్ కోర్సు, బెంగళూరులో కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్, 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్, బిడదిలో ఈగిల్‌టన్, హైదరాబాద్ గోల్కొండ కోర్సు, విశాఖలో ఈస్ట్ పాయింట్. పేరు ఉంటే సరిపోదు, మ్యాపు ఎప్పటిదో కూడా చూడాలి, ఎందుకంటే గ్రీన్‌ను తిరిగి కట్టినా, హోల్స్ వరస మార్చినా పాత మ్యాపు పాత దూరమే చెబుతుంది. నేను మొదట కొన్న పరికరంలో డబ్బా మీద వేల కోర్సులని రాసి ఉంది. అది నిజమే, వాటిలో మనం కారులో వెళ్లి రాగలిగినవి రెండే.

చందా విషయంలో కంపెనీకో పద్ధతి ఉంది. గార్మిన్ పరికరాల్లో మౌలికమైన కోర్సు మ్యాపులకు విడిగా చందా ఉండదు. స్కైక్యాడీ మొదటి నుంచీ సభ్యత్వం మీద నడిచింది, దానికి బదులుగా కోర్సును నేల మీద నడిచి కొలిచామని చెబుతుంది. ధర పోల్చేటప్పుడు పరికరం ధరకు మూడేళ్ల చందా కలిపి పోల్చండి.

స్లోప్ (ఎత్తుపల్లాలను లెక్కలో కలిపే సదుపాయం) ఉన్న లేజర్‌కు అంత ఎక్కువ పెట్టాలా?

చెన్నై కోర్సులే ఆడేవారికి అక్కర్లేదు, అక్కడి నేల బల్లపరుపు. కొడైకెనాల్, ఊటీ, నంది కొండల చుట్టుపక్కల ఆడేవారికి ఉపయోగమే. గ్రీన్ ఎంత ఎత్తున ఉంటే అన్ని గజాలు కలుపుకోవడం, ఎంత దిగువన ఉంటే అన్ని తీసేయడం అందరూ వాడే మోటు లెక్క. స్లోప్ పరికరం కోణాన్ని కొలిచి ఆ పనినే కాస్త నాజూకుగా చేస్తుంది. కొనేట్టయితే ఆ సదుపాయాన్ని ఆపే మీట పరికరం బయట, అందరికీ కనిపించేలా ఉన్న నమూనా తీసుకోండి.

ఒకటి 600 గజాలు, ఇంకొకటి 1000 గజాలు కొలుస్తుందట. 1000దే మంచిదా?

ఆ అంకె అద్దంలా మెరిసే పెద్ద వస్తువుకు సంబంధించినది. సన్నటి జెండా కర్రకు వచ్చేసరికి చాలా లేజర్లు అందులో సగం దూరం కూడా పట్టుకోలేవు, మనం కొట్టేదేమో 200. అడగవలసింది జెండాను ఎంత దూరం నుంచి పట్టుకుంటుందని.

అమెరికాలోని మా అబ్బాయి తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, అక్కడి పండుగ రోజుల తగ్గింపు ధర ఆకర్షణీయంగానే ఉంటుంది. అయితే అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తించకపోవడం మామూలు విషయం, చెడిపోతే తిరిగి అక్కడికే పంపాలి. లేజర్‌లో అరిగే భాగాలు తక్కువ కాబట్టి ఆ సాహసం చేయవచ్చు. లోపల బ్యాటరీ బిగించి ఉండే జీపీఎస్ విషయంలో నేను వెనకాడతాను.

సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. ఏం చూసి కొనాలి?

లేజర్ అయితే పగటిపూట, ఆరుబయట చూడండి. టేపుతో కొలిచిన 50 గజాల దూరాన్ని పదిసార్లు కొలిస్తే అంకె నిలకడగా రావాలి. అద్దం లోపల బూజు మచ్చలు, తేమ పొర ఉన్నాయేమో ఆకాశం వైపు తిప్పి చూడాలి, సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పకూడదు. బ్యాటరీ అర తెరిచి పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. జీపీఎస్ అయితే పాత యజమాని ఖాతా నుంచి దాన్ని విడిపించి, మీ ఖాతాలో నమోదు చేసి, మ్యాపులు దిగుమతి అయ్యాకే డబ్బు ఇవ్వాలి. పరికరం వీపు ఉబ్బినట్టుంటే లోపలి బ్యాటరీ పోయినట్టే.

## కోర్సులో వాడేటప్పుడు

జెండాకు గురిపెడితే ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది. పరికరం పాడైందా?

చాలావరకు చేతి వణుకే కారణం. కాంతి జెండా పక్క నుంచి జారిపోయి వెనకున్న చెట్టుకు తగిలితే చెట్టు దూరం వస్తుంది. చెన్నైలో ఒక హోల్ దగ్గర నాకు 161 అని చూపింది. అనుమానించకుండా 5 ఐరన్ (ఐరన్ అంటే లోహపు తల ఉన్న స్టిక్, అంకె పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది) తీసి, నా లెక్కలో ఆ ఏటికి అత్యుత్తమమైన దెబ్బ కొట్టాను. బంతి జెండా మీదుగా, గ్రీన్ మీదుగా పోయి వెనకాల నిద్రగన్నేరు చెట్ల వేళ్లలో పడింది. జెండా ఉన్నది 138 గజాల దూరంలో. 161 ఆ నిద్రగన్నేరుది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, పరికరం పైభాగాన్ని టోపీ అంచుకు తాకించి, ఊపిరి సగం వదిలి ఆపుతాను. గురిని జెండా గుడ్డ మీద కాకుండా ముందు కర్ర మొదట్లో పెట్టి, మీట నొక్కి పట్టి, మెల్లగా పైకి జరుపుతాను. రెండు మూడు అంకెలు మారుతూ పోతే వాటిలో చిన్నదే సాధారణంగా జెండాది. చాలా పరికరాలు జెండా చిక్కగానే చేతిలో చిన్నగా అదురుతాయి, ఆ అదురు రానిదే అంకెను నమ్మను. గ్రీన్ ముందరి బంకర్ అంచును కూడా ఒకసారి కొలిస్తే అంకెల్లో పొంతన ఉందో లేదో తెలిసిపోతుంది.

జీపీఎస్ 148 అంటోంది, లేజర్ 156 అంటోంది. ఏది నిజం?

బహుశా రెండూ నిజమే. జీపీఎస్ చెప్పింది గ్రీన్ మధ్యకు, లేజర్ చెప్పింది జెండాకు. అంటే ఆ రోజు జెండా వెనక వైపు పెట్టారు. ఇద్దరి దగ్గర చెరొకటి ఉంటే ఈ తేడానే మీకు లాభం, ఎందుకంటే వెనుక అంచు 162 అని జీపీఎస్ చెబుతుంటే 156కు దూకుడుగా కొట్టిన బంతికి ఆరు గజాల చోటే మిగులుతుంది. అలాంటప్పుడు 148కే కొట్టడం తెలివైన పని. తేడా ఇరవై గజాలు దాటితే మాత్రం జీపీఎస్ పక్క హోల్‌ను తెరిచి ఉందేమో చూడండి.

దూరం కచ్చితంగా తెలుసు, అయినా బంతి ప్రతిసారీ ముందే పడుతోంది. ఎందుకు?

జెండా దూరం పరికరం చెప్పింది, మీ స్టిక్ దూరం మీకు ఎవరూ చెప్పలేదు. అసలు లోపం ఇక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం. వేలు పోసి కొన్న పరికరంతో 150 అని కొలిచి, ఎప్పుడో ఒకసారి గాలి వాటున 150 వెళ్లిన స్టిక్‌ను తీస్తాం. బ్రిటన్‌లో గోల్ఫ్ నిబంధనల సంస్థ ఆర్ అండ్ ఏ తీసిన కొలతల్లో మగ అమెచ్యూర్ల సగటు డ్రైవ్ (టీ నుంచి కొట్టే పొడుగు దెబ్బ) 215 గజాలకు అటూ ఇటూగా వచ్చింది. మన బృందాల్లో ఎవరినడిగినా తన డ్రైవ్ 240 అంటాడు.

దీనికి మందు ఒక ఉదయం పని. వేరుశనగ పీకిన చేను గాని, మనుషులూ పశువులూ తిరగని ఖాళీ పొలం గాని, సొంతదారు అనుమతితో చూసుకోండి. లేజర్‌తో కొలుస్తూ 100 గజాల నుంచి పది గజాలకొక పాత తువ్వాలు పరిచి, ఒక్కో స్టిక్‌తో 20 బంతులు కొట్టాలి. దొర్లి ఆగిన చోటు కాదు, నేలకు మొదట తగిలిన చోటు రాసుకోవాలి. ఒక మిత్రుడు పక్కగా దూరంగా నిలబడి చూస్తే తేలిక, దున్నిన మట్టిలో గుంట కూడా కనిపిస్తుంది. బాగా దూరం పోయిన రెండూ, బాగా చెడిన రెండూ వదిలేసి మిగతావాటి నడిమి అంకెను తీసుకోండి. నా 7 ఐరన్ 150 అని పదేళ్లు నమ్మాను. ఆ రోజు 20 బంతుల్లో 150 దాటినవి రెండు, ఎక్కువ పడినది 134, 141 మధ్య. ఇప్పుడు చిన్న కాగితం ముక్క మీద అన్ని స్టిక్కుల అంకెలూ రాసి లేజర్ సంచి లోపల అంటించుకున్నాను. ఒక్క పరికరమూ మార్చకుండానే గ్రీన్ మీద పడే బంతుల సంఖ్య పెరిగింది.

చెన్నైలో సరిగ్గా పడే స్టిక్ బెంగళూరులో గ్రీన్ దాటిపోతోంది. నిజమేనా, నా భ్రమా?

నిజమే. చెన్నై సముద్ర మట్టానికి దగ్గర, బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి బంతికి అడ్డు తగ్గుతుంది. ఈ ఎత్తు తేడాకు దూరం మూడు నాలుగు శాతం పెరుగుతుంది, అంటే 150 గజాల దెబ్బకు ఐదారు గజాలు. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు దాటేవారు ఆ ఐదు గజాలను దారిలోనే లెక్కలో వేసుకోవాలి. చెన్నై ఉక్కపోత గాలి బరువుగా ఉండి బంతిని ఆపుతుందన్నది మాత్రం భ్రమ. తేమ గాలి పొడి గాలి కంటే నిజానికి కాస్త తేలిక. అయితే ఆ తేడా ఆటలో తెలిసేంత ఉండదు.

నలుగురం కలిసి ఆడతాం. ఒక్క లేజర్ చాలదా?

హాయిగా చాలుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూరం చెప్పడం నిబంధనల ప్రకారం సలహా కిందికి రాదు, కాబట్టి పోటీలో సైతం ఎదుటివారిని అడగవచ్చు. ఏ స్టిక్ తీయాలో అడగడమే తప్పు. ఒక్కటే కొని నలుగురూ పంచుకునే ఏర్పాటు మా బృందంలో రెండేళ్లు నడిచింది. లేజర్ ఎవరి బండిలో ఉందన్న వెతుకులాటలో పోయిన కాలం వల్లనే తర్వాత విడిగా కొన్నాం. దెబ్బకు 40 సెకన్లు మించవద్దని నిబంధనలు సూచిస్తున్నాయి.

## పోటీలు, నిబంధనలు

క్లబ్ పోటీలో వీటిని వాడనిస్తారా?

2019 జనవరి నుంచి అమల్లో ఉన్న గోల్ఫ్ నిబంధనల్లో 4.3వ నియమం ప్రకారం దూరం, దిక్కు తెలిపే పరికరాలకు అనుమతి ఉంది. అంతకు ముందు స్థానిక నియమం ద్వారా అనుమతిస్తేనే వాడాలి. ఇప్పుడు తిరగబడింది, వద్దనుకున్న నిర్వాహకులు స్థానిక నియమం ద్వారా నిషేధించాలి. కాబట్టి టీ దగ్గర ఇచ్చే కాగితం చదవండి. ఎత్తుపల్లాలు కొలవడం, గాలి వేగం కొలవడం, ఫలానా స్టిక్ తీయమని పరికరం సూచించడం మాత్రం కూడదు. ఆ సదుపాయాలున్న పరికరాన్ని వాటిని ఆపి వాడవచ్చు. మీరితే మొదటిసారికి స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) రెండు స్ట్రోకుల జరిమానా, మళ్లీ చేస్తే అనర్హత.

దూరం కొలిచే పరికరాలను ఆట మధ్యలో అనుమతించిన తొలి పురుషుల మేజర్ (ఏటా జరిగే నాలుగు పెద్ద పోటీల్లో ఒకటి) 2021 నాటి పీజీఏ ఛాంపియన్‌షిప్. అందులో 50 ఏళ్ల ఫిల్ మికెల్సన్ గెలవడం చూసి మా పెద్దవారు లేజర్ కొన్నారు గాని, కారణం లేజర్ కాదని చెప్పడం నా ధర్మం.

సంచిలో 14 స్టిక్కులే ఉండాలంటారు. లేజర్ దానిలో లెక్కా?

కాదు. ఆ పరిమితి స్టిక్కులకు మాత్రమే.

## మిగతా సామగ్రి

ఉన్న డబ్బుతో లేజర్ కొనాలా, కొత్త స్టిక్కులు కొనాలా?

మీ స్టిక్కులు మీ ఎత్తుకు, వేగానికి సరిపడి ఉంటే లేజర్. బంధువులు ఇచ్చిన పాత సెట్‌తో, మీ కంటే అర అడుగు ఎత్తున్న మనిషికి కొలిచిన పొడవుతో ఆడుతుంటే ముందు స్టిక్కులు. యాభై దాటినవారు ఐరన్లలో ఉక్కు షాఫ్టుకు బదులు గ్రాఫైట్ ప్రయత్నించండి, మోచేతి నొప్పులు ఉన్నవారికి తేడా తెలుస్తుంది. 3, 4 ఐరన్లకు బదులు హైబ్రిడ్ (ఐరన్‌కూ పెద్ద తల స్టిక్‌కూ మధ్య రకం) చాలా తేలిక. కొత్తవారికి పద్నాలుగూ అక్కర్లేదు. డ్రైవర్, ఒక హైబ్రిడ్, 6 నుంచి 9 ఐరన్లు, ఒకటి రెండు వెడ్జిలు (దగ్గరి నుంచి బంతిని ఎత్తుగా లేపేవి), పట్టర్ (గ్రీన్ మీద దొర్లించేది) ఉంటే రెండేళ్లు గడిచిపోతాయి.

ఖరీదైన బంతి వాడితే ఆట మెరుగవుతుందా?

నిబంధన ప్రకారం ఏ బంతైనా 45.93 గ్రాములకు మించకూడదు, 42.67 మిల్లీమీటర్ల వ్యాసానికి తగ్గకూడదు. ధరలో తేడా లోపలి పొరల్లో, పై తొక్కలో ఉంటుంది. యురేథేన్ తొక్క బంతి గ్రీన్ దగ్గర బాగా తిరిగి ఆగుతుంది. రెండు పొరల మామూలు బంతి గట్టిది, చవక, సూటిగా పోతుంది. ఆటకు మూడు బంతులు నీళ్లలో వేసేవారు మామూలువే కొనండి. ఏదైనా సరే ఒకే రకం వాడండి, లేదంటే చేలో రాసుకున్న దూరాలు పనికిరావు.

చెమటకు స్టిక్ జారిపోతోంది. గ్లవ్ మార్చాలా, గ్రిప్ మార్చాలా?

ముందు గ్రిప్పును సబ్బు నీళ్లతో తోమి ఆరబెట్టండి. సగం మందికి అదే చాలు. రబ్బరు మెరుస్తూ గట్టిపడితే మార్చాల్సిందే, మన ఎండలకు రెండేళ్లు ఆగడం కష్టం. తోలు గ్లవ్ చేతికి హాయిగా ఉంటుంది గాని చెన్నై ఉక్కలో తొమ్మిది హోల్స్‌కే తడిసిపోతుంది. రెండు గ్లవ్‌లు పెట్టుకుని మార్చుకుంటూ ఆడటం, తడిసినదాన్ని సంచికి తగిలించి ఆరనివ్వడం మా అలవాటు. వానాకాలానికి తడిస్తే పట్టు పెరిగే వాన గ్లవ్ వేరే దొరుకుతుంది.

ఇంటి మేడ మీద చిన్న లాంచ్ మానిటర్ (కొట్టిన బంతి వేగాన్ని కొలిచే పరికరం) పెట్టుకోవచ్చా?

గార్మిన్ ఆర్10 వంటి చిన్న రాడార్ పరికరాన్ని బంతికి ఆరేడు అడుగుల వెనక పెట్టాలి, బంతి వలకు తగిలే ముందు ఇంకొన్ని అడుగులు ఎగరాలి. తిరుపతి ఇళ్ల మేడ మీద పొడవు సరిపోవచ్చు. వల చిరిగితే బంతి ఎవరి సన్‌షేడ్ కింద పడుతుందో ముందు ఆలోచించుకోండి.

## జాగ్రత్తలు

వేసవిలో పరికరాన్ని కారులోనే ఉంచేయవచ్చా?

వద్దు. మే నెలలో రేణిగుంట రోడ్డున ఎండలో ఆపిన కారు లోపల వేడి లిథియం బ్యాటరీలు తట్టుకునే హద్దు దాటుతుంది. జీపీఎస్ బ్యాటరీ ఉబ్బుతుంది, తెర జిగురు విడిపోతుంది. ఆట లేని నెలల్లో జీపీఎస్‌ను సగం ఛార్జితో పెట్టండి, సీఆర్-2 బ్యాటరీతో నడిచే లేజర్ అయితే బ్యాటరీ తీసి విడిగా దాచండి.

వానలో, పొగమంచులో పనిచేస్తాయా?

ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకోవాలి, ఐపీఎక్స్4 అంటే చినుకులకు మాత్రమే. పరికరం తడవకపోయినా లేజర్ కాంతి దట్టమైన వాననూ మంచునూ దాటలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో జీపీఎస్ ఉన్నవాడిదే పైచేయి.

విమానంలో ఎలా తీసుకెళ్లాలి?

స్టిక్కులు చెకిన్ సామానులో, లేజర్, జీపీఎస్, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలో. విడి బ్యాటరీలను చెకిన్‌లో వేయకూడదు.

ఆట ముగించుకుని అట్నుంచి అటే తిరుమలకు వెళతాం. పరికరాన్ని ఏం చేయాలి?

ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు, దుర్భిణిలా కనిపించే లేజర్‌ను క్యూలో ఎవరికీ వివరించి చెప్పలేరు. అలిపిరి తనిఖీ దగ్గర కూడా సంచి తెరిచి అడిగితే చూపించాల్సి ఉంటుంది. కొండ ఎక్కే ముందే ఇంట్లో దించేసి వెళ్లండి.